సున్నం గీతల ఇల్లు

ఇంటివాళ్లకు గృహప్రవేశం ఆ ఇంట్లో మొదటిరోజు. కట్టినవాళ్లకు అదే ఆఖరిరోజు. వాళ్లు కుడికాలు లోపల పెడుతుంటే మేము ఎక్కి పనిచెయ్యడానికి గోడలకు ఆనించి కట్టుకున్న సారువ విప్పి, ఆ కట్టెలూ తాళ్లూ తట్టలూ జల్లెడా లారీలోకి ఎత్తుతుంటాం. పాలు పొంగాక మమ్మల్ని కూర్చోబెట్టి అన్నం పెడతారు. మేస్త్రీకి పంచె, ఆడకూలీకి రవికగుడ్డ. ఆకు ఎత్తగానే ఆ ఇంటికీ మాకూ సంబంధం తీరిపోతుంది. ఒకసారి బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మర్చిపోయిన తాపీ కోసం మర్నాడే వెనక్కి వెళితే, గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ ఎవరు కావాలన్నాడు. "ఆ గోడ కావాల. నిన్న మర్చిపోయి పోయినా" అన్నాను. ఆయన నవ్వలేదు. తాపీ కూడా ఇవ్వలేదు.

మా అక్క దగ్గర అట్లా వచ్చిన రవికగుడ్డలు ఒక రేకుపెట్టె నిండా ఉండేవి. ఒక్కటీ కుట్టించుకోలేదు. ఎవరైనా అడిగితే, "మా ఇంట్లో పాలు పొంగినాక కుట్టించుకుంటా" అనేది.

"అప్పటికి ఆ దర్జీ కండ్లు పోయుంటాయి" అనేవాణ్ణి.

"నీ నోరు పోతే చాలురా, ఆయప్ప కండ్లు ఉండనీ."

అక్క నాకంటే పదేళ్లు పెద్దది. మదనపల్లె వైపు నుంచి బెంగళూరుకు మమ్మల్ని తెచ్చిన అమ్మానాన్నలు తొందరగా పోయారు. మా బావ ఒకరోజు హొసకోటె దగ్గర పని ఉందని బస్సెక్కాడు. ఆ బస్సు ఇంకా దిగలేదు. నన్ను అక్కే పెంచింది. ఆరో తరగతి మధ్యలో నేను బడికి సెలవు పెట్టాను, ఆ సెలవు ఇప్పటికీ నడుస్తోంది. అక్క నన్ను తిట్టలేదు, కొట్టలేదు. మర్నాడు పొద్దున చేతిలో ఇటుక పెట్టి, "అయితే ఇది చదువు" అంది. ఇన్నేళ్లుగా అదే చదువుతున్నాను.

ఆనేకల్ దాటి అడవి వైపు పోయే మట్టిరోడ్డు పక్కన ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడుగు సైటు ఒకటి మాకు దక్కింది. కాగితం అక్క పేరున రాయించాలన్నాను. వద్దంటుందేమో, బతిమాలాలేమో అనుకున్నాను. వెంటనే ఒప్పుకుంది. "ఎన్నో గోడల్లో నా చెమట ఉండాది. ఒక కాయితంలో పేరుంటే ఏం పోయె" అంది.

సైటుకు పడమటి పక్కన పాత కంచె ఉండేది. ఒక చింతచెట్టు, కొంచెం ఎడంగా రెండు కానుగచెట్లు, వాటి మధ్య మనిషి దూరలేనంత ముళ్లకంప, దాని మీద పేరు తెలియని తీగలు. అక్కడ మొదలైన కంచె పొలాల గట్ల వెంబడి అడవిదాకా పోతుంది. మొదటిసారి సైటు చూడటానికి వెళ్లినరోజు, పొద్దుగుంకే వేళ, అక్క నా మోచేయి పట్టుకుంది.

"రేయ్, ఆ చెట్లో ఎవరి బిడ్డనో ఉండాది."

చూశాను. కొమ్మను నాలుగు చేతులతో పట్టుకున్నట్టు ఒక జంతువు. గుప్పెడు ఒళ్లు, పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, తోక లేదు, ముఖమంతా కళ్లే. మా వైపు దేవాంగపిల్లి అంటారు. పిల్లి కాదు, కోతి చుట్టం. కానీ కోతికున్న తొందర దీనికి లేదు. ఒక చెయ్యి తీసి ముందు కొమ్మ మీద పెట్టడానికి మేము ఒక బీడీ కాల్చుకునేంత సేపు పట్టింది.

"గవర్నమెంటు ఉద్యోగం మాదిరుంది" అన్నాను.

అక్క చెట్టుకు ఇంకొంచెం దగ్గరికి పోయింది. ఆ కళ్లు మా వైపు తిరిగినప్పుడు, "భయపడొద్దులేమ్మా, మేమూ ఈడికే వస్తాండాం" అని దానితో చెప్పింది.

పంచాయతీ ఆఫీసులో ప్లాను పెట్టాం. అక్కడి గుమాస్తా పాత బెంగళూరు తెలుగాయన. కాగితాలు ఒకసారి తిప్పి, "అడివి అంచు కదప్పా ఇది. అటవీశాఖవాళ్లు చూసి సరే అంటేగానీ మేము ముద్ర వెయ్యలేము. ఆ చెట్లల్లో ఉండేది చట్టం కాపాడే జంతువు. పులి ఎంతో అదీ అంతే" అన్నాడు.

"పులి అయితే తినేసి వదిలేసేది సార్. ఇది తిప్పుతాది" అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వించిన ఆఫీసులో పని తొందరగా అవుతుందని నాకు ఒక పిచ్చి నమ్మకం.

ఆ సాయంత్రమే అక్క ఒక తట్ట సున్నం తెచ్చింది. పునాది తవ్వేముందు నేలమీద సున్నంతో ఇంటి గీతలు పోస్తారు కదా, అట్లా మా ఇల్లు పోసింది. తాడు పట్టమంది, పట్టాను. తూర్పున వాకిలి, పెద్దగది, దాని పక్కన ఇంకో గది, పడమటి మూల వంటిల్లు, వెనక స్నానాలగది. తల తిప్పకుండా, చెయ్యి వణక్కుండా, పిడికిట్లోంచి సున్నం జారవిడుస్తూ నడిచింది. జీవితమంతా మా అక్క ఇంకొకళ్ల ఇళ్లకు పోసింది. ఇంత తిన్నగా ఎక్కడా పోయలేదు.

తర్వాత నేను నీళ్లసీసా కోసం అడ్డంగా నడిచాను.

"రేయ్. గోడలోనించి వస్తాండావు."

"యాడుంది గోడ?"

"కండ్లు లేవా? పో, వాకిట్లోనించి రా."

వెనక్కి పోయి, చుట్టూ తిరిగి, వాకిట్లోంచి వచ్చాను. ఇక అదే చట్టం అయింది. వారంలో ఒకరోజు పని లేనప్పుడు అక్కడికి పోయేవాళ్లం. వంటింట్లో కూర్చుని తెచ్చుకున్న సంగటి తినేవాళ్లం. చెయ్యి కడుక్కోవడానికి ఆమె స్నానాలగదికే పోయేది. ఆకాశం కింద కూర్చుని "ఈ గదిలో గాలి బాగుండాది" అనేది. "సీలింగు ఎత్తు ఎక్కువక్కా, అందుకని" అనేవాణ్ణి.

అటవీశాఖ నుంచి ఉత్తరం వచ్చింది. ఫలానా రోజు స్థలం చూడటానికి వస్తామని. ఇక్కడే మేము చేసిన తప్పు చెప్పాలి.

మా పనిలో ఒక అలవాటు ఉంది. స్లాబు వేసేముందు ఇంజనీరు చూడటానికి వస్తాడంటే, కూలీలందరూ తెల్లవారకముందే లేచి చెత్త ఎత్తి, ఇనుప కంబీల మధ్య ఊడ్చి, నీళ్లు చల్లి పెడతాం. ఒక ఆకు, ఒక చెక్కపేడు కనిపించకూడదు. శుభ్రంగా ఉంటే పని బాగా చేశారని ఇంజనీరుకు నమ్మకం కుదురుతుంది. మా అక్క ఊడ్చిన స్లాబు మీద అన్నం పెట్టుకుని తినవచ్చని మేస్త్రీలు చెప్పుకునేవాళ్లు. పెద్దాఫీసరు వస్తున్నాడని ఉత్తరం చూడగానే ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. సైటు శుభ్రం చెయ్యాలి.

రెండురోజులు చేశాం. అక్క కొడవలి, నేను గొడ్డలి. చింతచెట్టుకూ కానుగలకూ మధ్య కంప మొత్తం నరికాం. తీగలు లాగేశాం. చెట్లు మాత్రం ముట్టుకోలేదు, మాకూ తెలుసు చెట్టు కొట్టకూడదని. కాండాలకు నడుమెత్తు సున్నం పూశాం. నేలంతా ఊడ్చి నీళ్లు చల్లాం. చూస్తే పెళ్లిపందిరి వేసే చోటులా ఉంది.

"ఆఫీసరు చూసి ఈడనే కాపురం పెడతానంటాడు" అన్నాను.

మూడోరోజు పొద్దున, ఆఫీసరు రావాల్సినరోజు, మేము ముందే వెళ్లాం. చింతచెట్టుకూ కానుగకూ మధ్య, అక్క ఊడ్చిన నేల మీద, దేవాంగపిల్లి పడి ఉంది. మెడ దగ్గర కుక్కపళ్ల గాట్లు. దానికి దూకడం చేతకాదని మాకు అప్పటికి తెలియదు. కొమ్మ కొమ్మకూ తగిలితేనే దానికి దారి. రోజూ కంపలోంచి దాటిపోయే చోట దారి లేకపోతే నేలకు దిగింది. నేల మీద దాని నడకకు ఎంత సేపు పట్టి ఉంటుందో నేను లెక్కవేసుకోలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి.

అక్క వెనక్కి తిరిగి రోడ్డెక్కింది. బస్సెక్కి ఆనేకల్‌లో మా అద్దెగదికి పోయి తిరిగివచ్చింది. చేతిలో పెట్టెలోంచి తీసిన ఎర్ర రవికగుడ్డ. దానిలో చుట్టి, చింతచెట్టు మొదట్లో గుంత తవ్వి పెట్టింది. నేను మట్టి సరిచేసి, పైన ఎండుటాకులు చల్లి, "ఆ ఆఫీసరుకు చెప్పొద్దక్కా. మనకు కేసు పడతాది, ఇల్లు పోతాది" అన్నాను. ఆమె తల ఊపింది. ఒప్పుకుందనుకున్నాను.

ఆఫీసరు చిక్కబళ్లాపురం వైపు మనిషి, తెలుగు వచ్చు. జీపు దిగి, సైటును చూసి, కదలకుండా నిలబడ్డాడు. మెచ్చుకుంటాడని నేను చేతులు కట్టుకుని ఎదురుచూశాను.

"ఈ కంప ఎవరు కొట్టింది?"

"శుభ్రం చేసినాం సార్, మీరు వస్తాండారని" అన్నాను.

ఆయన టోపీ తీసి తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నేను చూసేదానికి వచ్చిందే ఆ కంపప్పా" అన్నాడు.

అప్పుడు అక్క ముందుకు వచ్చింది. "నేనే నరికినా సామీ. ఒకటి చచ్చిపోయింది గుడక. ఆ చెట్టు కింద పూడ్చినా" అంది.

గుంత తవ్వించాడు. వెంట వచ్చిన గార్డు ఆ ఎర్రగుడ్డ విప్పి చూసి, మళ్లీ అట్లాగే చుట్టాడు. ఆఫీసరు అక్క వేలిముద్ర తీసుకున్నాడు. కుక్క చంపిందనీ, కంప తెలియక కొట్టారనీ రాసుకున్నాడు. కేసు పెట్టలేదు. కానీ ఇల్లు ఇప్పుడు కాదన్నాడు. పడమటి పక్క పన్నెండడుగులు వదిలెయ్యాలి. కంప మళ్లీ పెరగాలి. జంతువులు మళ్లీ ఆ దారిన తిరుగుతున్నట్టు గార్డు కళ్లారా చూడాలి. అప్పుడు రాస్తాను అన్నాడు.

జీపు పోయాక నాకు ఒళ్లు మండిపోయింది. "నిన్ను సాక్షిగా పెట్టుకున్నోడు ఉరికంబం ఎక్కాల్సిందే" అన్నాను.

"అది మన వాకిలి ముయ్యలేదురా. మనమే దాని వాకిలి మూసినాం" అంది. అంటూనే కూర్చుని సున్నం తట్ట దగ్గరికి లాక్కుంది. పన్నెండడుగులు కొలిచి, పాత వంటింటి గీతలు చీపురుతో చెరిపి, పెద్దగది మూలలోకి వంటిల్లు జరిపింది.

కంప పెరగడానికి రెండు వానాకాలాలు పడుతుందన్నారు. అక్క అంతవరకు ఆగలేకపోయింది. వారం తిరిగేసరికి ఒక మాట అంది. "అందలేని తావుకు మనం సారువ కట్టుకోమా? వాటికీ కడదాం."

ఆఫీసరును అడిగాను. "కొట్టకుండా ఏమన్నా చేసుకోండి" అన్నాడు. సారువల్లో విరిగి పక్కన పడేసిన సర్వికట్టెలు ఏరుకొచ్చాం. చింతచెట్టు కొమ్మ నుంచి మొదటి కానుగకు, అక్కడి నుంచి రెండో కానుగకు, కొబ్బరితాళ్లతో కట్టాం. నేను పైన, ఆమె కింద. ముడి ముడికీ "గట్టిగా ఉండాదా" అని అడిగేది.

"మనిషిని మోసే ముడి అక్కా ఇది. అదేమో కోడిపెట్టంత లేదు."

"మనిషి పడితే లేస్తాడు. కట్టు."

కింద కంప కొమ్మలు నాటి, తీగలు నాటి, కుండలతో నీళ్లు పోశాం. బెంగళూరులో ఇల్లు కట్టడానికి ముళ్లకంప పెంచినవాళ్లం మేమిద్దరమే అయ్యుంటాం. వాన పడ్డప్పుడల్లా సున్నం గీతలు కరిగిపోయేవి. ఆమె మళ్లీ పోసేది. మధ్యలో ఇంకో ఉత్తరం వచ్చింది, చెట్ల వైపు కిటికీ ఉండకూడదు, వెలుతురు వాటి మీద పడకూడదని. కిటికీ తీసేసింది. పోసిన ప్రతిసారీ ఇల్లు కొంచెం చిన్నదయ్యేది. చివరికి ఒక గది, వంటకు ఒక మూల, ఒక వాకిలి మిగిలాయి.

ఆ కాలంలోనే ఆమెకు దగ్గు పట్టింది. ఇసక జల్లించి, సిమెంటు మూటలు దులిపి, రాళ్లు కోసేచోట నిలబడి గడిపిన ఏళ్లన్నీ ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రే ఫోటోలో తెల్లగా కనిపించాయి. ఊపిరితిత్తుల్లో దుమ్ము గట్టిపడిందన్నాడు డాక్టరు. బయటికి వచ్చాక నేను ఊరుకోవచ్చు కదా. "సిమెంటుండాది, ఇసకుండాది. నీళ్లు తాగొద్దక్కా, స్లాబు అయిపోతాది" అన్నాను. ఆమె పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు దగ్గయింది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చోబెట్టి వీపు నిమిరాను. దగ్గు చాలాసేపు ఆగలేదు.

పనికి పోవడం మానేసింది. సైటుకు పోవడం మానలేదు. ఒకరోజు వాకిట్లో కూర్చుని అడిగింది.

"నిజం చెప్పు నాయనా. నేనుండంగా పాలు పొంగుతాయా?"

ఆమె నన్ను నాయనా అని పిలిచేది చాలా తక్కువ. అదైనా గమనించాల్సింది. "ముందు ఆ గుమాస్తా మనసు పొంగాలక్కా. పాలదేముంది" అన్నాను. నవ్వింది. నవ్వింది కాబట్టి జవాబు చెప్పేశాననుకున్నాను. ఆమె అడిగింది ఆ గుమాస్తా గురించి కాదని నాకు తెలుసు. అప్పుడూ తెలుసు. తెలిసి, నా నోటికి అలవాటైన దారినే పోయాను.

రెండో వానాకాలం చివర, ఒక సాయంత్రం గార్డు వచ్చి మాతో కూర్చున్నాడు. టార్చికి ఎర్రకాగితం చుట్టాడు, ఆ వెలుతురైతే వాటికి బెదురుండదట. కాకులు సద్దుమణిగాయి. చింతకొమ్మ చివర ఒక చెయ్యి కనిపించింది. సర్వికట్టెను తడిమింది. ఆగింది. మేము ముగ్గురం ఊపిరి బిగబట్టాం. అక్కకు దగ్గు వస్తోందని నాకు తెలుస్తోంది. కొంగు నోట్లో కుక్కుకుంది, కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. ఆ జంతువు మెల్లగా, ఒక్కొక్క చెయ్యే మారుస్తూ, మేము కట్టిన సారువ మీద మొత్తం దూరం నడిచి కానుగలోకి పోయింది. దాని పొట్టకు కరుచుకుని ఇంకో రెండు కళ్లు.

అది పోయాకే అక్క దగ్గింది. దగ్గి, ఊపిరి తీసుకుని, "ముడులు గట్టిగానే కట్టినావురా" అంది. నా పనిని ఆమె మెచ్చుకోవడం అదే మొదలు.

గార్డు చెప్పాడు, ఆఫీసరు రాశాడు. నెల తిరిగాక పంచాయతీలో ముద్ర పడింది. ఆ కాగితం తీసుకునే సమయానికి అక్క ఆసుపత్రిలో ఉంది. నేను నేరుగా అక్కడికి పోలేదు. పెట్టెలోంచి ఒక ఆకుపచ్చ రవికగుడ్డ తీసి, ఆమె పాత రవిక కొలతకిచ్చి, దర్జీ ముందు కూర్చుని అప్పటికప్పుడు కుట్టించుకుపోయాను. ప్లాను ఆమె చేతిలో పెట్టాను. చదవడం రాదు. వేలితో గీతల వెంబడి పోయింది. వాకిలి దగ్గర ఆగి, "ఇదేనా?" అంది. అదేనన్నాను.

నర్సు సాయం పట్టి రవిక తొడిగింది. భుజాల నుంచి జారిపోయింది. ఇంకొక మనిషి కూడా దూరేటట్టుంది.

"ఇల్లుతోపాటు నేనూ తగ్గినా" అంది.

ఆ రోజు నాకు మాట దొరకలేదు. ఆమెకే దొరికింది.

నాలుగోరోజు పోయింది. ఆ రవికతోనే పంపాను.

పదకొండో రోజు దాటాక పనివాళ్లను మాట్లాడుకుని, ఆ కాగితం పట్టుకుని పంచాయతీకి పోయాను. గుమాస్తా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అనుమతి అక్క పేరున ఉంది. ఆమె లేదు. పంచాయతీ లెక్కల్లో సైటు ఖాతా నా పేరుకు మారాలి. ఆ తర్వాత ప్లాను మళ్లీ పెట్టాలి. అటవీశాఖవాళ్లు మళ్లీ వచ్చి చూడాలి.

"నేనేం చేసేదప్పా, రూలు అట్లుండాది" అన్నాడు. ఏదైనా అంటానని నా ముఖం వైపు చూశాడు. ఆ ఆఫీసులో నేను నవ్వించకుండా బయటికి వచ్చింది ఆ ఒక్కరోజే.

ఖాతా మారింది. ప్లాను మళ్లీ పెట్టాను. అదే గది, అదే మూల. నాకొక్కడికీ ఆ గది ఎందుకని పనిలో ఒకళ్లిద్దరు అడిగారు. అమ్మేసి పోవచ్చు కదా అన్నారు. రేకుపెట్టె ఎక్కడ పెట్టుకోను అన్నాను. నవ్వులాటకన్నాననుకున్నారు.

ఈ మధ్యనే మళ్లీ ఉత్తరం వచ్చింది, ఫలానా రోజు వస్తున్నామని. ఈసారి నేను ఏమీ ఊడ్వలేదు. కంప భుజం దాకా పెరిగింది, తీగలు సారువను చుట్టేశాయి, ఎక్కడ కట్టె ఎక్కడ కొమ్మ అని తెలియడం లేదు. నేలంతా ఎండుటాకులు. ముందురోజు వాన పడి సున్నం కరిగిపోయి ఉంటే, అదొక్కటి మాత్రం పొద్దున్నే పోశాను. తాడు పట్టేవాళ్లు లేక ఒక కొసను ఇటుకకు కట్టాను. నా గీత వంకర. ఆమె చూస్తే చెరిపి మళ్లీ పోయించేది.

కొత్త ఆఫీసరు వచ్చాడు. చిన్న వయసు. కంపను చూశాడు, సారువను చూశాడు, ఫోటోలు తీసుకున్నాడు, ముఖంలో సంతోషం కనిపించింది. ఫోను చూసుకుంటూ నా వైపు నడిచి వస్తున్నాడు.

"సార్" అన్నాను. "అది గోడ."

ఆయన ఆగి కిందికి చూశాడు. బూటు ముందు తెల్లటి గీత. అది దాటి, గది మధ్యలో నేను. ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఒక అడుగు వెనక్కి వేసి, గీత వెంబడి తూర్పు దాకా నడిచి, వాకిట్లోంచి లోపలికి వచ్చాడు.